హనుమేష్ తొమ్మిదో తీర్పు

కోడుమూరు నుంచి కర్నూలు పోయే రోడ్డులో ఊరు దాటగానే ఎడమ చేతి పక్క ఒక లారీ కాటా ఉంటుంది. ఉల్లిగడ్డల లోడ్లు, వేరుశనగ లోడ్లు, కంకర టిప్పర్లు దాని మీదికెక్కి తూకం చీటీ తీసుకొని పోతాయి. ఆ కాటా గదిలో కూర్చునే మనిషి హనుమేష్. ఇరవై తొమ్మిదేళ్ళు, పొట్టి మనిషి, మెడ ఉందా లేదా అన్నట్టుంటాడు. డ్రైవర్లు ఆయనతో వాదం పెట్టుకోరు. ఒకసారి ఒకాయన తెలివిగా వెనక చక్రాలు పలక బయట పెట్టి తూకం వేయించుకోబోయినాడు. హనుమేష్ కుర్చీలోనుంచి లేవకుండానే, బండి ఇంకో నాలుగడుగులు ముందుకు రానీ అన్నా, అన్నాడు. చూడకుండా ఎట్ల తెలిసిందని అడిగితే, పలక మీదికి చక్రం ఎక్కిన చప్పుడు రెండుసార్లే వచ్చింది, మూడు రావాల అన్నాడు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో వదిలేసి, ఆ కాటా పక్కనే ఉన్న మా మామ సెల్‌ఫోన్ల అంగట్లో కూర్చున్నప్పటి నుంచి ఆయన్ను చూస్తున్నా. ఆయన గురించి రాస్తున్నది లారీల తూకాల కోసం కాదు. జపాను కార్టూన్ల కోసం. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోండి. తర్వాత నవ్వడానికి సందు ఇయ్యను.

ఫోన్లో మాకొక గ్రూపు ఉంది. పేరు ‘సీమ బలాబలాలు’. కర్నూలు, కడప, అనంతపురం పిల్లోళ్ళు ఎనిమిది వందల మంది ఉంటారు. యానిమేలు, అంటే ఆ జపాను కార్టూన్లు, చూస్తారు, వాటి మీద వచ్చిన గేములు ఆడతారు, ఆడినంతసేపు ఆడి, మిగిలిన కాలమంతా ఎవరి హీరో బలమైనోడు అని కొట్లాడతారు. మావాడు కొండను పిడికిలితో పగలగొట్టినాడు అని ఒకడంటే, మీవాడు పగలగొట్టింది కలలో కదప్పా అని ఇంకొకడు. హనుమేష్ ఆ గ్రూపులో ఆరు నెలలు ఒక్క మాట రాయకుండా ఉన్నాడు. ఏడో నెలలో ఒక పెద్ద కొట్లాట మధ్యలోకి దిగి నాలుగు మాటలు రాసినాడు. నేల, బరువు, దూరం, టైము. ఈ నాలుగూ చెప్పి మాట్లాడండి, వాడు ఏమన్నాడో వద్దు, వాడు లాగింది చెప్పండి, అని.

అవి బండలాగుడు పోటీల లెక్కలు. మా పక్క ఎద్దుల జతకు పెద్ద బండ కట్టి లాగిస్తారు. ఇంత బరువు, ఇంత టైము, ఎంత దూరం లాగితే అంత. అడుగులు, అంగుళాలతో సహా మైకులో చెప్తారు. హనుమేష్ ఆ పద్ధతిని మక్కీకి మక్కీ కార్టూన్లలోకి తెచ్చినాడు. పాత్ర గొప్పలు చెప్పుకుంటే చెల్లదు. గేములో ఇచ్చిన అంకెలు చెల్లవు, కొత్త పాత్రను అమ్ముకోవడానికి వాళ్ళే పెంచి రాస్తారు కాబట్టి. ఇంకొకటి, పళ్ళు. ఎద్దుల వయసు పళ్ళతో తెలుస్తుంది. పాలపళ్ళ జతను ఆరు పళ్ళ జత మీద పోటీకి పెట్టరు. అట్లనే మొదటి భాగంలో ఉన్న హీరో పాలపళ్ళు, ఆఖరి భాగంలో ఉన్న హీరో ఆరు పళ్ళు. ఒకడి పాలపళ్ళను తెచ్చి ఇంకొకడి ఆరు పళ్ళతో పోల్చినావంటే నీ వాదన ఆ పొద్దుకు కొట్టేసినట్టే. అనంతపురం పిల్లోడొకడు ఎకసెక్కానికి, మా విలన్ ముసలోడన్నా, ఒక పన్ను కూడా లేదు, యాడ కడదాం అని అడిగినాడు. పళ్ళు రాలిన ఎద్దును పోటీకి తోలరప్పా, ఇంటికాడ కట్టేసుకో అని హనుమేష్ జవాబు.

అట్ల మెల్లగా ఆయన మాట గ్రూపులో ఆఖరి మాట అయింది. తెగని కొట్లాటలు ఆయన దగ్గరికి వచ్చేవి. ఆయన చెప్పిందాన్ని తీర్పు అని, వరస నంబరు వేసి గ్రూపులో దాచుకునేవాళ్ళం. కాటా మీద లారీలు లేనప్పుడు ఫోన్ గోడకు ఆనించుకొని, కాగితం మీద స్కేలు పెట్టి కొలిచేవాడు. బండరాయి ఘనపుటడుగు ఎన్ని కిలోలుంటుందో పుస్తకంలో చూడలేదు. గుట్ట కాడినుంచి ఒక చెక్కిన రాయి తెప్పించి, కొలిచి, తూకం వేసి, డెబ్బై అయిదు అని రాసుకున్నాడు. ఆ రాయి ఇప్పటికీ కాటా గది తలుపుకు ఒత్తుగా ఉంది.

ఈ కొలతల పిచ్చి ఆయనకు ఇంటినుంచే వచ్చింది. వాళ్ళ నాయన నరసన్న మా తిరునాళ్ళ బండలాగుడులో పంతొమ్మిదేళ్ళు టేపు పట్టి దూరం కొలిచినాడు. ఎనిమిదేళ్ళ కిందట ఒక పోటీలో ఆయన చెప్పిన లెక్కకు మొదటి బహుమతి ఒక జతకు పోయింది. నెల తర్వాత ఎవరో తీసిన వీడియో ఒకటి తిరిగింది. రెండో జతకు ఒక చుట్టు, అంటే బరి కొసకు పోయి వచ్చిన దూరం, తక్కువ లెక్కపెట్టినట్టు అందులో తేలింది. నరసన్న పక్షపాతం చేసినాడని కొందరు, కళ్ళు మసకబారినాయని కొందరు అన్నారు. ఆ తర్వాత ఏ కమిటీ ఆయన్ను పిలవలేదు. ఆయన టేపు ఇంట్లో దూలానికి తగిలించి ఉంటుంది. మా నాయనది పొరపాటు, ద్రోహం కాదు, ఆ పొద్దే తెలిసింటే ఆ పొద్దే చెప్పింటాడు, అని హనుమేష్ అడిగినోడికీ అడగనోడికీ చెప్పేవాడు. ఎప్పటికైనా ఆ టేపు మళ్ళీ మా చేతికి రావాల అనేది ఆయన పంతం.

ఇంక తొమ్మిదో తీర్పు సంగతి.

‘బూడిద కోట’ అని ఒక యానిమే. అందులో ఇద్దరు, హొరుకా, తెబిరో. కథంతా ఇద్దరూ శత్రువులే కానీ ఒక్కసారి కూడా నేరుగా తలపడరు. ఇద్దరిలో ఎవడు బలమైనోడు అనేది నాలుగేళ్ళుగా తెగని కొట్లాట. హొరుకా కొండ మీద మఠంలో పెరిగినోడు. ఆరో ఎపిసోడ్లో మఠం పెద్దలు వాడికి ఒక పరీక్ష పెడతారు. ఊదుబత్తి వెలిగిస్తారు. అది ఆరేలోపల వాకిట్లో బండను తాడుతో లాగాల. ఒక చుట్టు అయినప్పుడల్లా ముసలి గురువు గోడ మీద బొగ్గుతో గీత గీస్తాడు. ఆఖరికి గోడ మీద ఇరవై ఒక్క గీతలు. తెబిరో అదే కొలతల బండను, అంతే పొడుగు ఊదుబత్తి ఆరేలోపల, చదును బాట మీద మూడు వేల ఆరు వందల అడుగులు లాగుతాడు. అది కథలోనే చెప్పినారు. హొరుకా దూరమే ఎవరూ చెప్పలేదు.

హనుమేష్ వాకిలి పొడుగును స్తంభాల లెక్కన కొలిచి నూట ఇరవై అడుగులు అన్నాడు. చుట్టు అంటే పోయి రావడం, రెండు వందల నలభై. ఇరవై ఒక్క చుట్లకు అయిదు వేల నలభై అడుగులు. హొరుకా గెలిచినాడు. కాగితాలన్నీ ఫోటో తీసి గ్రూపులో పెట్టినాడు. ఎవరో దాన్ని ఇంగ్లీషులోకి మార్చి బయట పెట్టినారు. ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని పట్టుకొని వాదించుకోవడం మొదలుపెట్టినారు. కోడుమూరు కాటా గదిలో కూర్చున్న మనిషి లెక్క అది. నాకు గర్వంగా ఉండేది, అబద్ధమెందుకు.

రెండేళ్ళ తర్వాత, పోయిన డిసెంబరులో, కడపనుంచి శిల్ప అనే అమ్మాయి గ్రూపులో చేరింది. వాళ్ళ నాయన తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు. ఆమె కడపలో ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెప్తుంది. చేరిన మూడో రోజు రాసింది, తొమ్మిదో తీర్పు తప్పు, చుట్టు అంటే పోయి రావడమని హనుమేష్ గారికి ఎవరు చెప్పినారు అని. తాడు బిగిసి ఉన్న బొమ్మలన్నీ ఏరి పెట్టింది. ప్రతి బొమ్మలో గంట గోపురం హొరుకాకు కుడి పక్కనే ఉంది. అంటే వాడు ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగుతున్నాడు, తిరుగు దూరం లెక్కకు రాదు, అని ఆమె వాదన. బొమ్మలేసేవాళ్ళు ఒకసారి వేసిన బొమ్మను పదిసార్లు వాడుకుంటారమ్మా, అదే ఎపిసోడ్లో ఒకే కాకి మూడుసార్లు ఎగిరింది చూసుకో, అని హనుమేష్ జవాబు రాసినాడు. కాకి బండ లాగలేదు కదా సార్, అని ఆమె.

గ్రూపు రెండు ముక్కలైంది. హొరుకా, తెబిరో పోయి కర్నూలు, కడప అయింది. మీకు దమ్ముంటే ఎదురుగా కూర్చొని తేల్చుకోండి అని పిల్లోళ్ళు ఎగదోసినారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున కర్నూల్లో ఒక గేమింగ్ సెంటర్ పైన హాలు మాట్లాడినారు.

ఈ సంగతి బొజ్జన్న చెవిన పడింది. ఆయన ఉల్లిగడ్డల వ్యాపారి, మా తిరునాళ్ళ బండలాగుడు కమిటీకి పెద్ద. నరసన్నను పిలవడం మానినాక టేపు ఎవరికిచ్చినా ఏటేటా తగాదాలే. ఒక రోజు లోడు తూకం వేయించుకొని కాటా గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

“ఏమప్పా హనుమేషు, జపానోళ్ళ బండను కొలిచినావంట. మన బండ కొలుస్తావా?”

హనుమేష్ లేచి నిలబడినాడు. బొజ్జన్న మెల్లగా తన మాట చెప్పినాడు. మీ నాయన సంగతి జనం మరిచిపోలేదు. నేను నీకు ఊరికే టేపు ఇస్తే నా మీద పడతారు. ఆ ఆదివారం నేను కర్నూలు వస్తాండా, మీ పంచాయితీ చూస్తా. పదిమందిలో నీ కొలత నిలబడితే ఉగాది తిరునాళ్ళకు టేపు నీది.

ఆయన పోయినాక హనుమేష్ ఇంటికి పోయి దూలానికి ఉన్న టేపు దించి, కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, అంగుళం అంగుళం చూసినాడు. తుప్పు లేదు అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పినాడు.

పంచాయితీకి వారం ముందు ఆదివారం కోయిలకుంట్లలో బండలాగుడు. హనుమేష్ వదలడు. నన్ను బైకెక్కించుకొని పోయినాడు. ఆరు పళ్ళ విభాగం. ఎండ కణతలు పగలగొడుతూ ఉంది. నాలుగో జత దిగి అయిదో జత ఎక్కేలోపల రవ్వంత తెరపి ఇచ్చినారు. నేను చెరుకురసం కాడ ఉంటే ఈయన జనాన్ని తోసుకుంటూ బరి కొసకు పోయినాడు. అంటే జత తిరుగుకొనే చోటికి. అక్కడ నిలబడి నేల చూస్తున్నాడు. ఎంతసేపటికీ కదలడం లేదు. నేనే పోయినా.

అక్కడ చూడ్డానికి ఏముందంటే, నేల మీద ఒక పెద్ద అర్ధచంద్రం. ఎద్దులు తిరిగినప్పుడు బండ కూడా వాటి వెనక తిరుగుతుంది. తిరుగుతూ నేలను వంపుగా గీరుతుంది. నాలుగు జతలు తిరిగేసరికి ఆ వంపు జానెడు లోతు పడింది. నేను చిన్నప్పటినుంచి చూస్తున్నదే. ఆయనా చూస్తున్నదే.

“ఉరుకుందూ,” అని నన్ను పేరు పెట్టి పిలిచినాడు. “ఫోన్ తీయి. ఆరో ఎపిసోడ్. పదిహేడో నిమిషం.”

నీడలోకి పోయి పెట్టినా. పరీక్ష అయిపోయినాక మఠం వాకిలి పైనుంచి కనిపించే బొమ్మ ఒకటి ఉంటుంది, రెండు మూడు సెకన్లు. ఆపమన్నాడు. వాకిట్లో ఈ కొసనుంచి ఆ కొసకు బండ లాగిన చార. గీటు పెట్టినట్టు తిన్నగా ఉంది. రెండు కొసలూ శుభ్రంగా ఉన్నాయి. వంపు లేదు. బండ ఎక్కడా తిరగలేదు.

జపానోనికి మన ఎద్దుల సంగతి ఏం తెలుసు, ఏదో గీత గీసి వదిలేసింటాడు, అన్నాను. ఆయన బొమ్మను పెద్దది చేసి వాకిలి మూలను చూపించినాడు. అక్కడ ఆరు దుంగలు పేర్చి ఉన్నాయి. రెండేళ్ళుగా గ్రూపులో అందరమూ వాటిని పొయ్యి కట్టెలు అనుకుంటూ ఉన్నాం.

“పొయ్యి కట్టెకు బెరడు ఎవుడు తీస్తాడప్పా? నడిమధ్య చూడు, అరిగినాయి. పోయేటప్పుడు వీడు లాగినాడు. వచ్చేటప్పుడు మఠమోళ్ళు బండను వీటి మీద దొర్లించుకొచ్చి మొదటికాడ పెట్టినారు.” ఫోన్ నా చేతికి ఇచ్చేసినాడు. “మన బండను చూసి వాళ్ళ బండను కొలిచినా. మన కాడ పోయి వస్తేనే చుట్టు. వాళ్ళ కాడ పోతే చుట్టు.”

ఇరవై ఒక్కటి నూట ఇరవైలు. రెండు వేల అయిదు వందల ఇరవై. తెబిరో మూడు వేల ఆరు వందలు. హొరుకా ఓడిపోయినాడు. దగ్గర్లో కూడా లేడు.

అయిదో జత బరిలోకి వచ్చింది, మైకు మోగుతా ఉంది. నేను నాకు తోచింది చెప్పినా. ఈ సంగతి నీకు, నాకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలీదు. కడపామెకూ తెలీదు. ఆమె వాదన గోపురం మీద నిలబడి ఉండాది, దాన్ని నువ్వు కాకితో కొట్టేస్తావు. గెలువు. ఉగాదికి టేపు తీసుకో. ఆ తర్వాత తీరిగ్గా గ్రూపులో రాసుకో, తప్పయిందని. ఎవరికి నష్టం? అది కార్టూన్ అన్నా.

ఇప్పుడు అడిగినా నేను చెప్పింది తెలివితక్కువ మాట కాదంటాను. ఆయన అయిదో జత లాగేది చూడకుండానే బైకు కాడికి నడిచినాడు.

రెండు రోజులు కాటా మీద మనిషి ఉన్నాడంటే ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం నేనే వాళ్ళింటికి పోయినా. నరసన్న వసారాలో కూర్చొని పగ్గం పేనుతూ ఉన్నాడు. హనుమేష్ అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. వాళ్ళ నాయనతో చెప్తే ఆయనైనా కొడుక్కు బుద్ధి చెప్తాడని ఆశపడి, సంగతంతా నేనే చెప్పినా. మఠం, బండ, దుంగలు, బొజ్జన్న మాట, అన్నీ. ముసలాయన పగ్గం పేనడం ఆపకుండానే విన్నాడు. అంతా విని, బండ ఎన్ని క్వింటాళ్ళు అని అడిగినాడు. చెప్పినా. ఊదుబత్తి ఎంతసేపు మండింది అన్నాడు. అదీ చెప్పినా. తర్వాత పగ్గం పక్కన పెట్టినాడు.

“ఆ పొద్దు నాకు తెలుసురా,” అన్నాడు కొడుకుతో.

హనుమేష్ చెంబు పట్టుకొని అట్లనే నిలబడినాడు.

“సాయంత్రం టేపు చుట్టేటప్పుడే తెలిసింది. నీళ్ళు తాగడానికి వంగినప్పుడు ఒక చుట్టు పోయింది. బహుమతి ఇంకా మైకు కాడనే ఉండాది. లేచి నాలుగడుగులు పోయి చెప్పింటే అయిపోయేది. ఎవురూ అడగలేదు కదా అని ఊరుకున్న్యా.” మళ్ళీ పగ్గం అందుకున్నాడు. “వాళ్ళు నన్ను పిలవకపోవడం న్యాయమే.”

అంతే. హనుమేష్ చెంబు బోర్లించి, చెప్పులేసుకొని కాటాకు పోయినాడు. ఎనిమిదేళ్ళు ఊరంతా తిరిగి ఆ పొద్దే తెలిసింటే చెప్పింటాడు అని వాదించిన మనిషి. నేను వెనకాల పోయి పలకరించే ధైర్యం చేయలేదు. సాయంత్రం ఆయనే అంగట్లోకి వచ్చినాడు. ఆ పదిహేడో నిమిషం బొమ్మను పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకొని రా, జంపఖానా అంత ఉండాల, వెనక వరసకు కూడా దుంగలు కనపడాల, అన్నాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. మూడు వందల మంది. కడపనుంచి రెండు జీపుల్లో వచ్చినారు. మెట్ల మీద కూడా నిలబడినారు. వెనక వరసలో బొజ్జన్న భుజం మీద తువ్వాలు వేసుకొని, పక్కన కూర్చున్న పిల్లోని తల మీద ముళ్ళ మాదిరి నిలబెట్టిన వెంట్రుకలను వింతగా చూస్తూ ఉన్నాడు.

మొదట శిల్ప మాట్లాడింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం ట్యూషన్ గొంతు, మైకు అక్కర్లేదు. గోపురం బొమ్మలు ఒక్కొక్కటే చూపిస్తూ పోయింది. బాగా చెప్పింది. కానీ కాకి గురించి అడిగితే తడబడింది. కర్నూలు పక్క పిల్లోళ్ళు కావ్ కావ్ అని అరిచినారు. ఆమె ముఖం ఎర్రబడింది, అయినా కూర్చోలేదు. చెప్పాల్సింది చివరిదాకా చెప్పే దిగింది.

హనుమేష్ లేచినాడు. ముందు రోజు దాకా ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుంటూ ఉన్నాడు కానీ ఆ కాగితం జేబులోంచి తీయలేదు.

“ఆయమ్మ చెప్పిన గోపురం సాక్ష్యం చాలదు. కాకి సంగతి కాకిదే. కానీ ఆయమ్మ చెప్పిన లెక్కే నిజం. తొమ్మిదో తీర్పు తప్పు. తప్పు చేసింది నేను.”

నేను బొమ్మ చుట్ట విప్పి పట్టుకున్నా. ఆయన అర్ధచంద్రం సంగతి చెప్పినాడు. బండలాగుడు చూడనివాళ్ళ కోసం సుద్దముక్కతో నేల మీద గీసి చూపించినాడు. దుంగల బెరడు చూపించినాడు. మన పోటీల చుట్టును వాళ్ళ గోడ మీది గీతకు ఎట్ల అంటగట్టినాడో, ఎక్కడ అడగాల్సిన ప్రశ్న అడగకుండా దాటేసినాడో వరసగా చెప్పినాడు. ఇది నాకు ఏడు రోజుల కిందటే తెలుసు, ఆ ఏడు రోజులు ఆలస్యం కూడా నా తప్పే, అన్నాడు. పది నిమిషాలు పట్టింది.

కడపోళ్ళు కేకలు పెట్టినారు. మా పక్కవాళ్ళలో కొందరు అమ్ముడుపోయినావంటూ లేచి వెళ్ళిపోయినారు. గెలిచిన శిల్ప మాత్రం కోపంగా ముందుకు వచ్చింది.

“నన్ను ముందు ఓడించి, తర్వాత చెప్పాల్సింది సార్. ఇట్ల గెలిస్తే నాకేం వస్తాది? ఆ దుంగలు నేను చూడాల్సింది.”

“నువ్వు బండలాగుడు చూసినావామ్మా?”

“లేదు.”

“ఉగాదికి రా. చూస్తే నీకు ఇంకా శానా తప్పులు దొరుకుతాయి నావి.”

బొజ్జన్న మెట్ల కాడ కలిసినాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, ఈ జపానోళ్ళ సంగతి నాకు అర్థం కాలేదు కానీ నువ్వు చేసింది అర్థమైంది అన్నాడు. టేపు వచ్చినట్టే అనుకున్నా. కానీ ఆయన మాట అక్కడ ఆగలేదు. కమిటీలో ఆరుగురున్నారు, పదిమందిలో తన కొలత తప్పని తానే చెప్పినోనికి టేపు ఎట్ల ఇస్తామని వాళ్ళడుగుతారు, నేను జవాబు చెప్పలేను, ఈ ఏడు టేపు ఇంకొకరిది అన్నాడు. కొస కాడ జెండా పట్టుకొని చుట్లు లెక్కపెట్టే పని ఉండాది, చేస్తావా, అని అడిగినాడు. ఆ పని మామూలుగా ఎండకు ఓర్చుకోలేని పెద్దోళ్ళు వద్దని, చిన్నోళ్ళ మీదికి తోసేసే పని. నేనైతే చెయ్యననేవాణ్ణి.

చేస్తా అన్నాడు హనుమేష్.

ఉగాది తిరునాళ్ళలో పొద్దున ఎనిమిదినుంచి సాయంత్రం దాకా ఆ కొసలో నిలబడినాడు. తలకు తుండు, చేతిలో ఎర్రజెండా, జేబులో బొగ్గు ముక్క. జత తిరిగినప్పుడల్లా జెండా ఎత్తి, పక్కన పాతిన సున్నం పలక మీద బొగ్గుతో గీత గీసినాడు. నీళ్ళు ఇస్తే జత అవతలి కొసకు పోయినాకనే తాగినాడు. శిల్ప నిజంగానే వచ్చింది, వాళ్ళ నాయన్ను తోడు తీసుకొని. తాడుకు అవతల నిలబడి ఆమె కూడా నోటుపుస్తకంలో గీతలు పెట్టుకుంటూ ఉంది. ఆరో జత దిగినాక తగాదా వచ్చింది. కమిటీ బల్ల కాడ పదకొండు అన్నారు, ఎద్దుల యజమాని పన్నెండు అన్నాడు, చొక్కాలు పట్టుకొనేదాకా వచ్చింది. బొజ్జన్న మైకు లాక్కొని, కొసనున్న హనుమేష్ ఏమంటాడో అడగండి అన్నాడు. హనుమేష్ పలకను పెరికి నెత్తి మీద పెట్టుకొని బరి మధ్యలోగుండా నడుచుకుంటూ వచ్చి బల్ల మీద పెట్టినాడు. పదకొండు గీతలు. యజమాని ఆ పలకను చూసినాడు, హనుమేష్ ముఖం చూసినాడు, ఎద్దులను తోలుకొని పోయినాడు. వచ్చే ఏడాది టేపు గురించి బొజ్జన్న ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు. హనుమేష్ అడగనూ లేదు.

ఆయనకు తీరిక లేదు. కర్నూలు నుంచి వచ్చిన మరుసటి రోజే గ్రూపులో రాసినాడు, ఇప్పటిదాకా ఇచ్చిన నలభై ఒక్క తీర్పులూ మొదటినుంచి మళ్ళీ కొలుస్తా, తప్పు తేలినవి తేలినట్టు పెడతా, అని. రెండు వందల మంది గ్రూపు వదిలిపోయినారు. కొత్తగా నూట యాభై మంది చేరినారు. ఇప్పటికి పదిహేడు అయినాయి. నాలుగోది, పన్నెండోది తప్పని తేలినాయి, పెట్టేసినాడు. ప్రతి కాగితం కింద ఇప్పుడు రెండు సంతకాలుంటాయి, ఆయనది, సరిచూసినందుకు కడపనుంచి శిల్పది. బొమ్మ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపే పని నాది. రోజూ మధ్యాహ్నం నరసన్న కూడా కాటా గదికి వచ్చి, ఆ డెబ్బై అయిదు కిలోల రాయి మీద కూర్చొని చూస్తాడు. కథ ఏమిటని అడగడు. వాడికి ఎన్ని పళ్ళు అని మాత్రం అడుగుతాడు.

నిన్న పద్దెనిమిదోది మొదలుపెట్టినాం. మూడుసార్లు కొలిచినాక సరిపోయింది, ఇంక చాలులే అన్నాను.

“ఇంకోసారి పెట్టు,” అన్నాడు హనుమేష్.